ఐసుపెట్టె చోట కూర్చున్న ఛాంపియన్

పేరున్న మోటోక్రాస్ రైడర్లను నేను ఇద్దరిని దగ్గరగా చూశాను. ఇద్దరినీ తిట్టాను. వాళ్ళెవరో తెలియక తిట్టిందని మా ఇంట్లోవాళ్ళు నన్ను వెనకేసుకొస్తారు గానీ, తెలిసినా తిట్టేదాన్నే. ఒకడు నా ఐసులో మట్టిచెయ్యి పెట్టాడు. రెండోవాడు మా వలల మీదకి బండి ఎక్కించబోయాడు.

మట్టి గుట్టల మీంచి, గుంతల్లోంచి మోటారు సైకిళ్ళు ఎగిరించి పందెం వేసే ఆటను మోటోక్రాస్ అంటారని అప్పట్లో నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఇసుకలో మోపెడ్ తోలడం. భోగాపురం దాటి సముద్రం వైపు తిరిగితే వచ్చే ఊళ్ళలో మాది ఒకటి. మా ఆయనా మరిదీ బోటు మీద వేటకు వెళతారు. నేను ఒడ్డున వేలంపాటలో చేపలు పాడుకొని, మోపెడ్ వెనక ఐసుపెట్టెలో సర్దుకొని, విజయనగరంలో మెస్సులకీ, వాడుక ఇళ్ళకీ ఇచ్చి వస్తాను. తొమ్మిదింటికల్లా చేప వంటింట్లో ఉండాలి. ఆ తరవాత ఎంత మంచి వంజరం తెచ్చినా మెస్సువాళ్ళు మొహం ముడుచుకుంటారు.

మా ఒడ్డుకీ తారురోడ్డుకీ నడుమ కిలోమీటరు పైన ఇసుక ఉంది. సరుగుడు తోటలోంచి దారి. మా అత్త ముప్పయ్యేళ్ళు ఆ ఇసుకలో గంప నెత్తిన పెట్టుకొని నడిచింది. నేను పన్నెండేళ్ళుగా బండి మీద దాటుతున్నాను. చక్రాల్లో గాలి సగం తీసేసి దిగుతాం, రోడ్డెక్కాక పంచరు షాపులో మళ్ళీ కొట్టించుకుంటాం. ముందు బ్రేకు జోలికి పోకూడదు. చూపు దూరంగా పెట్టాలి. ఆపితే కూరుకుపోతావు కాబట్టి ఆపకూడదు. మా ఊళ్ళో ఇసుకలో బండి తోలే ఆడవాళ్ళం ముగ్గురం. ముగ్గురిలో ఒక్కసారి కూడా పడనిదాన్ని నేనేనని అవకాశం దొరికితే చాలు చెప్పుకునేదాన్ని. ఆ గొప్ప ఎలా పోయిందో తరవాత చెబుతాను.

మొదటి రైడరు సంగతి చిన్నదే. విజయనగరంలో ఊరి బయట మైదానంలో మట్టి గుట్టలు పోసి రెండు రోజులు పందాలు పెట్టారట. నాకా కబురు లేదు. మెస్సులో చేప ఇచ్చి బయటికొచ్చేసరికి, మోకాళ్ళదాకా బూట్లు వేసుకొని, కనుబొమ్మల నిండా మట్టితో ఒక మనిషి నా పెట్టె మూత తీసి చెయ్యి ముంజేతిదాకా ఐసులో దూర్చి హాయిగా నిలబడి ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. చేపలకేసిన ఐసు నీ చేతులు కడుక్కోడానికా అని మొదలుపెట్టి వాళ్ళ అమ్మానాన్నల పెంపకం దాకా వెళ్ళాను. అతనికి తెలుగు రాదు. చెయ్యి బయటికి తీసి చూపించాడు. మణికట్టు బన్నులా పొంగి ఉంది. నా తువ్వాల్లో ఐసుముక్కలు చుట్టి నేనే కట్టు కట్టాను. కానాగడత చేపల వాసనకి కాబోలు మొహం ఒకలా పెట్టాడు గానీ దండం పెట్టి వెళ్ళాడు. మెస్సాయన పరిగెత్తుకొచ్చి ఎదురుగోడ మీది పోస్టరు చూపించాడు. అదే మొహం, మట్టి లేకుండా. మధ్యాహ్నం అతని పందెమట. గెలిచాడో లేదో నేను అడగలేదు, మా తువ్వాలు మాత్రం తిరిగి రాలేదు.

ఆ మరుసటి ఏడు నేను పడ్డాను.

ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు మోటారు బోట్లను వేటకు వెళ్ళనివ్వరు. ఆ నిషేధం మొదలవడానికి ఇంక నెల ఉందనగా, నిండు పెట్టెతో వస్తున్నాను. సరుగుడు తోటలో దారి ఎడమకి తిరిగే చోట కుక్క అడ్డొచ్చింది. పన్నెండేళ్ళలో ఎన్నడూ ముట్టుకోని ముందు బ్రేకు ఆరోజు నొక్కాను. ఎందుకు నొక్కానో ఇప్పటికీ తెలియదు. కానాగడతలన్నీ ఇసుకలో దొర్లుతుంటే ముందు వాటి కోసం పాకాను. మెడకీ భుజానికీ నడుమ ఉండే ఎముక విరిగిందని లేవబోయినప్పుడు గాని తెలియలేదు. వీపుకి పట్టీ కట్టుకొని వారాల తరబడి ఇంట్లో కూర్చున్నాను. అన్నం ముద్ద కూడా ఎడమ చేత్తో తిన్నాను.

ఎముక అతికింది. డాక్టరు బండి తోలుకోవచ్చన్నాడు. తారురోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. ఇసుకలోకి దిగితే మాత్రం చేతులు బిగుసుకుపోయేవి. ఆ మలుపు ఇంకా పది బారలుండగానే నోరు ఎండిపోయేది. అప్పటికి నిషేధం మొదలై ఊరంతా ఖాళీగా ఉంది. మా ఆయన ఒకరోజు అన్నం తింటూ, తల ఎత్తకుండా, వేట మొదలయ్యాక బండి తమ్ముడు తోలుతాడులే అన్నాడు. నా మేలు కోరే అన్నాడు. మరిది కూడా అక్కడే ఉన్నాడు. వాడు మంచివాడు, అదే నాకు వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నాలుగు మాటలని బండి తాళం లాక్కునేదాన్ని. సముద్రం మీద వాడికి ఏనాడూ ఇష్టం లేదని ఇంట్లో అందరికీ తెలుసు. ఇసుక వాడు దాటితే విజయనగరం బేరం కూడా వాడిదే అవుతుంది. వాడు ఏరిన చేపని, వాడు తెచ్చినప్పుడు, వీధిలో అమ్ముకునేదాన్ని అవుతాను. ఒడ్డున నిలబడి, మొప్ప ఎత్తి చూసి, ఇది నాది అని పాడుకునే నా చోటు పోతుంది. పన్నెండేళ్ళ నుంచి నేను నేనుగా ఉన్నది ఆ చోటులోనే. అది పోతుందంటే ఏడుపు వచ్చింది, ఏడ్చాను కూడా.

అందుకని రోజూ మధ్యాహ్నం, ఊరు కునుకు తీసే వేళ చూసి ఇసుకలో సాధన మొదలుపెట్టాను. మా అత్త నా కష్టం చూడలేకపోయింది. అతికిన ఎముక, దాని మీద బరువెందుకని పెట్టె విప్పించింది. మా ఆయన ఇంకో అడుగు ముందుకేసి, పెట్టె కూర్చోబెట్టే ఇనప చట్రం కూడా బోల్టులు తీసి దించేశాడు. ఒట్టి బండితో చెయ్యి తిరిగాక బరువు సంగతి చూద్దామన్నారు. అందరికీ సబబుగానే తోచింది, నాకూ తోచింది. ఒట్టి బండితో నెల రోజుల్లో ఎన్నిసార్లు పడ్డానో లెక్క లేదు. మలుపు దాకా ఎందుకు, చదునుగా ఉన్నచోట కూడా ముందు చక్రం పక్కకి లాగేసి కూర్చోబెట్టేది. దెబ్బలు తగలలేదు గానీ మనసు చితికిపోయింది. నాకు తెలిసిన పని నా ఒంట్లోంచి ఎవరో తీసేసుకున్నారనిపించింది.

అలాంటి ఒక మధ్యాహ్నం ఒడ్డు వైపు నుంచి మోత వినిపించింది. మేము బోట్లు పైకి లాగి, వలలు ఇసుకలో పరిచి ఉంచుకునే చోటుకి ఎత్తైన బండి ఒకటి దిబ్బ మీంచి గాల్లోకి లేచి దిగింది. వల అంచుకి మూరెడు దూరంలో దిగింది. నేను నా బండి కింద పడేసి పరిగెత్తాను. వల మీద చక్రం పడితే ఎన్ని కన్నులు తెగుతాయో, అవి అల్లడానికి ఎన్నాళ్ళు పడుతుందో, నీ ఆటకి మా తిండేనా దొరికిందని అరిచాను. నిజం చెప్పాలంటే వల గురించి సగమే. నేను పడేది ఎవరూ చూడకూడదని ఎంచుకున్న వేళకి ఇంకొకడు వచ్చాడని మిగతా సగం.

అతను బండి ఆపి, హెల్మెట్ తీసి, వలని చూసి, క్షమించమన్నాడు. ముప్పయ్యేళ్ళు ఉంటాయి. పొట్టిగా, బిగువుగా ఉన్నాడు. ఎక్కడో వేరే రాష్ట్రంలో పెరిగాడట, ఇంట్లో నేర్చిన తెలుగు కావడంతో అతని మాట ముసలివాళ్ళ మాటలా ఉండేది. ఏం చేస్తుంటావంటే బండి తోలుతానన్నాడు. దానికి ఎవరైనా జీతమిస్తారా అని అడిగాను. ఇస్తారని నవ్వాడు. అయిదు రోజులు ఉంటాడట, చిన్న వ్యానులో బండి వేసుకొని ఒక్కడే వచ్చాడు. వలలకి అటు పక్కన తోలుకోమని హద్దు గీసి చూపించాను. నా పక్క నేను తోలుకుంటానని చెప్పలేదు గానీ, రెండో రోజుకి అతనికి తెలిసిపోయింది. అదే వేళకి వచ్చి అదే పనిగా పడే ఆడమనిషిని ఎవరు గమనించరు!

నేనూ అతన్ని గమనించాను. ఏం తోలేవాడు! ఇసుక మీద ఉన్నట్టే ఉండదు. లేచి నిలబడి, నడుం వెనక్కి పెట్టి, కెరటం మీద బోటు పోయినట్టు పోయేవాడు. అయితే మూడో రోజుకి ఒక వింత కనిపించింది. కుడికి తిరిగేటప్పుడు కాలు చాపి, బండి పడుకోబెట్టి, గిర్రున తిప్పుతాడు. ఎడమకి తిరగాల్సి వస్తే పెద్ద చుట్టు చుట్టి, నెమ్మదిగా, సంత నుంచి కుండలు తెచ్చేవాడిలా తిరుగుతాడు. ఆ నెమ్మది నాకు బాగా తెలుసు.

నీళ్ళు తాగడానికి ఒడ్డున వలల పక్కనున్న మా పాక దగ్గర ఆగినప్పుడు అడిగేశాను. కడుపులో మాట దాచుకోవడం నాకు చేతకాదు.

"బాబూ, నువ్వు ఎడం పక్కకి తిరగటం నేదేటి?"

అతను సీసా దించాడు. మా అత్త అక్కడే కూర్చొని, నిషేధానికి ముందు దాచిన ఎండుచేపలు చెమ్మ పట్టకుండా ఎండలో తిరగేస్తోంది. ఆవిడా చేతులు ఆపింది. మీకెలా తెలిసిందక్కా అన్నాడు అతను. నాకూ ఎడం మలుపు దగ్గరే చేతులు బిగుసుకుపోతున్నాయని చెప్పాను. అప్పుడు చొక్కా మెడ పక్కకి లాగి చూపించాడు. సరిగ్గా నాకు విరిగిన చోటే, గీతలా పొడుగాటి కుట్ల మచ్చ, దాని కింద ఎముకకి బిగించిన ప్లేటు ఉబ్బు. అతనికి అది విరగడం నాలుగోసారి. ఈ ఆటలో అందరికీ ముందు విరిగేది ఆ ఎముకేనట. మూడుసార్లు ఏ బెంగా లేకుండా మళ్ళీ ఎక్కాడు. నాలుగోసారి ఇసుకలో, ఎడం మలుపులో పడ్డాక లోపల ఏదో ఆగిపోయింది. కోచ్‌కి చెప్పలేదు, ఇంట్లో చెప్పలేదు. తనని ఎవరూ గుర్తుపట్టని ఒడ్డు వెతుక్కుంటూ ఇంతదూరం వచ్చాడు. నేను కూడా కొంగు జరిపి నా ఎముక బుడిపె చూపించాను. ఇద్దరం పిల్లలు గోలీలు చూపించుకున్నట్టు ఎముకలు చూపించుకున్నాం. ఆ రోజు నా మనసు ఎంత తేలికపడిందో! అంతటి మొనగాడికే భయమేస్తే నాకు వేయడంలో సిగ్గేముంది?

మర్నాడు నా సాధన చూస్తానన్నాడు. చూస్తుండగానే పడ్డాను. వచ్చి నా మోపెడ్‌ని ఒంటిచేత్తో లేపాడు. లేపి, అలాగే పట్టుకొని, సీటు వెనక ఖాళీ కన్నాల్లోకీ, చుట్టూ తుప్పు మరకల్లోకీ వేలు పెట్టి చూశాడు. ఇక్కడ ఏముండేదని అడిగాడు. ఐసుపెట్టె చట్రమని చెప్పాను. ఒడ్డుకి వెళ్ళేటప్పుడు ఖాళీగా వెళతారా అన్నాడు. ఎందుకెళతాం, ఐసు వేసుకొని వెళతాం, వచ్చేటప్పుడు ఐసూ చేపలూ వేసుకొస్తామని చెప్పాను. ఆ మాట నా నోట్లోంచి వస్తుండగానే నాకు అర్థం కావడం మొదలైంది.

"అంటే ఈ ఇసుకలో మీరు ఉత్త బండి ఎన్నడూ తోలలేదా అక్కా?"

"ఎప్పుడూ నేదు బాబూ."

"అయితే మీరు మరిచిపోయింది ఏమీ లేదు. ఇది మీ బండి కాదు, అంతే."

వెనక బరువుంటే ముందు చక్రం తేలుతుందని, ఉత్త బండికి ముందు చక్రం ఇసుకలోకి దిగి తన్నేస్తుందని, అందుకే తను నడుం వెనక్కి పెడతానని చేతులతో చూపించాడు. పన్నెండేళ్ళూ నేను చేసింది అదే, పేరు తెలియకుండా. నా మీద ప్రేమ కొద్దీ అందరూ కలిసి నా బరువు దించేశారు. నేనూ సరేనన్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక నవ్వొచ్చింది.

బరువు పెట్టాలంటే నిషేధంలో ఐసెక్కడిది, చేపెక్కడిది? ఇసుక మూటలు కడదామని అతనంటున్నాడు. మా అత్త ఎండుచేపల దగ్గర నుంచి లేచొచ్చింది. అతన్ని పైనుంచి కిందకి, గంప ఎత్తేముందు చూసుకునే చూపుతో చూసింది.

"మూటలెందుకు? సరిపోతావు. కూకో బాబూ."

అతను ఒక్క క్షణం ఆవిడ ముఖం చూసి, ఎదురు చెప్పకుండా గోనెసంచి మడిచి వేసుకొని నా వెనక కూర్చున్నాడు. కొడుకులైనా మా అత్తకి ఎదురు చెప్పరు. బండి మూలిగింది. వెనక చక్రం ఇసుకలోకి కుదురుకుంది. హ్యాండిల్ నా అరచేతుల్లో ఒక్కసారి తేలికైంది. ఆ తేలిక! నెల రోజుల నుంచి నేను వెతుక్కుంటున్నది అదే. ఎవరో దూరం చుట్టం గుమ్మంలోకి వచ్చి పేరు పెట్టి పిలిచినట్టైంది. వలలు దాటాను, దిబ్బ దాటాను, తోటలోకి వచ్చాను. మలుపు దగ్గర నోరు ఎండిపోయింది, చేతులు బిగుసుకున్నాయి, అయినా చక్రం నాతోనే ఉంది. చూపు దూరంగా పెట్టాను. మలుపు వెనక్కి వెళ్ళిపోయింది. తారురోడ్డు ఎక్కి ఆపాక వెనక్కి తిరిగి, ఎలా తోలానని అడిగాను. తెలియదక్కా, మలుపు రాగానే కళ్ళు మూసుకున్నానన్నాడు. ఇద్దరం రోడ్డు పక్కన కూర్చొని కడుపు నొప్పెట్టేలా నవ్వాం. విమానాశ్రయం పనుల లారీలవాళ్ళు మమ్మల్ని చూసుకుంటూ పోయారు.

ఆఖరి రోజు అతను ఎడమకి తిరిగాడు. ముందు పెద్ద చుట్టే చుట్టాడు, తరవాత చిన్నది, ఆ తరవాత కాలు చాపి బండి పడుకోబెట్టి తిప్పేశాడు. ఇసుక లేచి మా ఎండుచేపల మీద పడింది. మా అత్త చీవాట్లు పెట్టింది. ఆవిడ తిడుతుంటే అతను హెల్మెట్‌లోంచి నవ్వుతూనే ఉన్నాడు. వెళ్ళేటప్పుడు ఎండు కవళ్ళ చేపల పొట్లం ఇచ్చాను. వ్యానంతా కంపు కొడుతుందని హెచ్చరించి మరీ ఇచ్చాను.

అతనెవరో రెండు వారాల తరవాత తెలిసింది. మరిది ఫోనులో ఏవో పందాలు చూస్తుంటే పక్క నుంచి తొంగిచూసి, ఈ అబ్బాయి మన పాకలో నీళ్ళు తాగాడన్నాను. వాడు నమ్మలేదు. దేశంలోకెల్లా పేరున్న రైడరట, ఎన్నో ఏళ్ళ ఛాంపియనట. నా వెనక కూర్చున్నాడని చెబితే అసలే నమ్మలేదు. ఫొటో ఏదన్నాడు. ఫొటో ఎవరు తీశారు, మా అత్త చేతులు చేపల్లో ఉన్నాయాయె. ఆవిడ సాక్ష్యం చెప్పింది గానీ, ఆవిడకి ఛాంపియన్ అంటే గంపెడు బరువున్న మనిషని మాత్రమే తెలుసు.

ఈలోపు నేను ఇసుక మూటలతో రోజూ తోలాను. అత్తకి తప్ప ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చట్రం మాత్రం మళ్ళీ బిగించమని మా ఆయన్ని అడిగాను. బిగించాడు. ఎవరి కోసమని ఆయనా అడగలేదు, నేనూ అనలేదు.

వేట తెరిచిన మొదటి రోజు తెల్లవారుజామున, బోట్లు ఒడ్డుకొచ్చే వేళకి ఊరంతా ఇసుకలోనే ఉంది. చీకటి విడిపోయి సముద్రం మీద ఎర్రబడుతోంది. మా బోటు కూడా వచ్చింది. ఆ సీజనులో మొదటి చందువ చేపలు, పళ్ళెం అంతేసి. పాటలో నా చోట నేను నిలబడ్డాను. మొప్పలెత్తి చూశాను, నచ్చినవి పాడుకున్నాను. ఆ గొంతు నాదేనా అనిపించేటంత గట్టిగా పాడాను. మరిది అప్పటికే బోటు దిగి, మోపెడ్ తెచ్చి, చక్రాల్లో గాలి తీసి, తాడు చేత్తో పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. మా ఆయన పెట్టె ఎత్తి చట్రం మీద పెట్టాడు. నేను వెళ్ళి సీటు మీద కూర్చున్నాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"సగమే కట్టనా?" అన్నాడు మా ఆయన.

"నిండా కట్టు మావా."

ఆయన మిగతా చందువలు కూడా వేసి, ఐసు పోసి, మూత పెట్టాడు. తాడు మరిదే బిగించాడు, రెండుసార్లు లాగి చూశాడు. నేను బయల్దేరాను. భయం ఎక్కడికీ పోలేదు. దిబ్బ ఎక్కాను, దిగాను. తోటలోకి రాగానే వెనక ఏదో చప్పుడు వినిపించింది. తిరిగి చూడటానికి లేదు. మలుపులో ముందు చక్రం కొంచెం ఊగింది, నేను ఊగలేదు. చప్పుడు మాత్రం వెనకే వస్తోంది. తారురోడ్డు ఎక్కి బండి నిలబెట్టి, చేతుల్ని చీరకి తుడుచుకొని, అప్పుడు తిరిగి చూశాను.

మా మరిది. చెప్పులు లేవు, లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి ఉంది. ఒడ్డు నుంచి ఇసుకంతా నా బండి వెనక పరిగెత్తుకొచ్చాడు. నేను పడితే పట్టుకోవాలని. ఈ మనిషి నా బండి కోసం చూస్తున్నాడని రెండు నెలలు లోపల్లోపల కుమిలాను. మోకాళ్ళ మీద చేతులానించి, ఊపిరందక నిలబడ్డాడు. నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. కూర్చోరా, నీళ్ళు తాగి వెళ్ళమన్నాను. వాడు చెయ్యి ఊపాడు.

"నానేటైపోను గానీ, నువ్వెల్లు వదినా. తొమ్మిదైపోతాది."